రాడ్డు కిర్రుమంటే సర్దుకోవాల్సింది మనమా?

సర్దుకుపోవడం అనే మాట మనుషుల గురించే అనుకుంటాం గానీ, మనం వస్తువులతోనూ సర్దుకుపోతాం. కుళాయి కారుతుంటే కింద చెంబు పెడతాం. బాత్రూమ్ గడియ పడకపోతే లోపల్నుంచి పాట పాడుకుంటూ స్నానం చేస్తాం. మిక్సీ మూత వదులైతే అరచేత్తో అదిమి పట్టుకుంటాం. ఇక కప్‌బోర్డులో బట్టలు వేలాడదీసే రాడ్డు కిర్రుమంటుంటే, హ్యాంగర్ జరపబోతే మధ్యలో ఆగిపోతుంటే, ఊపిరి బిగబట్టి రెండు వేళ్లతో పైకెత్తి తీయడం నేర్చుకుంటాం. ఎంత బాగా నేర్చుకుంటామంటే, కొన్నాళ్లకి అది చెడిపోయిందన్న సంగతే గుర్తుండదు.

ఈసారి ఆ రాడ్డు గురించే రాస్తున్నాను. "ఇదీ ఒక టాపిక్కేనా తల్లీ!" అని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఒక చిన్న రిపేరు ఏళ్ల తరబడి అలాగే పడి ఉందంటే, అది చిన్నది కాబట్టి కాదు. దానివల్ల ఇబ్బంది పడేది ఒక్క మనిషే కాబట్టి. ఆ మనిషి ఎవరో మీకు విడిగా చెప్పక్కర్లేదు.

తెల్లారి ఐదింటికి ఇంట్లో కప్‌బోర్డు తెరిచేది ఎవరు? స్నానం చేసి, పొయ్యి వెలిగించి, పాలు పెట్టాల్సిన మనిషి. ఆ వేళకి ఇల్లంతా నిద్రలో ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. అప్పుడు ఇనుప రాడ్డు మీద ఇనుప కొక్కెం జారితే వచ్చే కీచుమనే చప్పుడు, గోడ మీద మేకుతో గీసినట్టు ఉంటుంది. "అబ్బా, ఏంటా చప్పుడు పొద్దున్నే" అని దుప్పట్లోంచి ఒక గొంతు. అదే రాడ్డు మీదనుంచి ఎనిమిదిన్నరకి అయ్యగారు చొక్కా తీసుకుంటారు. అప్పుడూ అంతే కీచుమంటుంది. కానీ కుక్కర్ విజిల్, టీవీ, స్కూలు బస్సు హారన్, పిల్లల గోల మధ్య ఎవరికి వినపడుతుంది? ఆయనకే వినపడదు. అందుకే "మన రాడ్డు బాగానే ఉందే" అంటారు. అబద్ధమేం కాదు పాపం, ఆయన ఎనిమిదిన్నర రాడ్డు గురించి చెబుతున్నారు. మనం ఐదింటి రాడ్డు గురించి చెబుతున్నాం.

మా బంధువుల్లో ఒక అమ్మాయి ఉంది. పెళ్లయి వెళ్లిన ఇంట్లో బట్టల కప్‌బోర్డు అత్తమామలు పడుకునే గదిలో ఉండేది. మామగారికి నిద్ర పల్చన. ఆ రాడ్డు చప్పుడుకి ఆయన లేచి కూర్చోవడం, అత్తగారు ఏమీ అనకుండా చూడటం. ఆ చూపు తట్టుకోలేక ఈ పిల్ల రాత్రే మర్నాటి డ్రెస్సు తీసి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇలా రెండేళ్లు. చుట్టాలందరూ "ఎంత అణకువైన కోడలో, అడుగుల చప్పుడు కూడా వినిపించదు" అని మెచ్చుకునేవాళ్లు. నాకు ఆ మెచ్చుకోలు వింటే ఒళ్లు మండేది. చప్పుడు చేసేది రాడ్డు, అణిగిమణిగి ఉండాల్సింది కోడలూనా? రెండేళ్ల అణకువకి బదులు ఒక కొవ్వొత్తి ముక్క సరిపోయేది.

అవును, కొవ్వొత్తే. అదెలాగో చెబుతాను. ముందు ఇంకో సంగతి.

మన అమ్మమ్మల ఇళ్లలో రాడ్లు లేవు, దండేలు ఉండేవి. దూలానికి రెండు తాళ్లు కట్టి వెదురు బొంగు వేలాడదీస్తే దండెం. చేతికందేలా గోడకి చిలక్కొయ్యలు. తాడు వదులైతే అమ్మమ్మే ముడి బిగించేది. బొంగుకి పేడు లేస్తే ఆవిడే చెక్కేసేది, లేకపోతే పట్టుచీర దారం లేచిపోతుంది మరి. దానికోసం ఎవర్నీ పిలిచింది లేదు, ఎవరి అనుమతీ అడిగింది లేదు. ఇప్పుడు అదే కర్రకి క్రోమ్ పూత వేసి, "మాడ్యులర్" అని పేరు పెట్టి పెట్టెలో బిగించాక, అది మన చెయ్యి తగలకూడని వస్తువైపోయింది. చేసే పని మాత్రం అదే, బట్టలు మొయ్యడం.

పైగా ఆ పెట్టె చేయించేటప్పుడు మనల్ని అడిగిందెవరు? లామినేట్ రంగు అడుగుతారు, అదీ రెండు శాంపిల్స్ చూపించి. రాడ్డు ఎంత ఎత్తులో కావాలమ్మా అని అడిగిన కార్పెంటర్‌ని నేనింతవరకూ చూడలేదు. మనలో చాలామంది ఐదడుగులకి అటూ ఇటూ ఉంటాం. రాడ్డు ఆరున్నర అడుగుల మీద ఉంటుంది. కాలివేళ్ల మీద నిలబడి, హ్యాంగర్‌ని ఎత్తి కాకుండా లాగి తీస్తాం. లాగిన ప్రతిసారీ కొక్కెం రాడ్డుని గీరుతుంది, పూత పోతుంది, తుప్పు మొదలవుతుంది. మామూలు హ్యాంగర్ వెడల్పు 17, 18 అంగుళాలు. తలుపు మూసుకోవాలంటే లోపల 22 అంగుళాల లోతైనా ఉండాలి. గది ఇరుకని 18 అంగుళాల లోతుతో చేసేస్తే హ్యాంగర్లు ఏటవాలుగా ఇరుక్కుని, తలుపుకి రాసుకుంటాయి. తప్పు కొలతది. కానీ మాట పడేది "బట్టలు ఎక్కువ కుక్కుతావు" అని మనం.

ఇక పిలిస్తే వచ్చే మనిషి సంగతి. మా ఇంటికి వచ్చినాయన గుమ్మంలో నిలబడే "సార్ ఉన్నారామ్మా?" అన్నాడు. లేరు, నాకు చెప్పండి అన్నాను. కప్‌బోర్డు తెరిచి, రాడ్డుని ఒకసారి వేలితో కొట్టి, "మొత్తం ఫిట్టింగులు మార్చాలమ్మా, సార్‌తో మాట్లాడతాలే" అని ఫోన్ నంబర్ అడిగాడు. రోజూ ఆ రాడ్డు వాడేది నేను. ఏ చోట హ్యాంగర్ ఆగుతుందో, ఏ చివర ఊగుతుందో తెలిసింది నాకు. ఆయన మాట్లాడాలనుకున్నది మాత్రం ఎనిమిదిన్నర రాడ్డు గారితో. టీ ఇచ్చి పంపించి, సాయంత్రంలోగా నేనే బాగు చేసుకున్నాను. ఫిట్టింగులేవీ మార్చలేదు.

ఎలా చేశానో రాస్తాను. ఇందులో మంత్రమేం లేదు.

ముందు బట్టలన్నీ తీసి మంచం మీద పెట్టండి. ఖాళీ రాడ్డు మీద అరచేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి జరపండి. గరుకు ఎక్కడుందో తెలుస్తుంది. తర్వాత రాడ్డుని పట్టుకుని ఊపి, తిప్పి చూడండి. చప్పుడుకి కారణాలు సాధారణంగా మూడే. రాడ్డు పైభాగం గరుకెక్కడం, చివర్లు వదులవడం, మధ్యలో వంగిపోవడం.

గరుకైతే, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మూ జిడ్డూ నల్లగా గుడ్డకి అంటుకుంటుంది. క్రోమ్ పూత రాడ్డు మీద తుప్పు చుక్కలుంటే, చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చేసి, నీళ్లలో ముంచి రుద్దండి. క్రోమ్ కన్నా అల్యూమినియం మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు పోతుంది. రంగు వేసిన రాడ్డుకైతే ఫాయిల్ వద్దు, సబ్బునీళ్లు చాలు. చెక్క రాడ్డయితే సన్న గరుకు కాగితంతో నున్నగా చేసి పొడి తుడిచేయండి. ఏదైనా సరే పూర్తిగా ఆరనివ్వాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, వానాకాలంలో అయితే కాసేపు ఫ్యాన్ కింద తలుపులు బార్లా తెరిచి ఉంచండి.

ఇప్పుడు కొవ్వొత్తి. కరెంటు పోయినప్పుడు వాడే తెల్ల కొవ్వొత్తి ముక్క తీసుకుని రాడ్డు పైభాగమంతా, కొక్కేలు ఆనే చోటంతా బాగా రుద్దండి. ఆ తర్వాత పాత నూలు గుడ్డతో, మైనం కంటికి కనపడనంతగా తుడిచేయండి. కనపడని పల్చని పొర మిగులుతుంది. దాని మీద హ్యాంగర్ నీళ్ల మీద పడవలా జారుతుంది. కీచుమనదు. కొన్ని నెలలకి మళ్లీ గరుకనిపిస్తే మళ్లీ రుద్దుకోవడమే.

కొబ్బరినూనె మాత్రం రాయొద్దు. ఆ రోజుకి బాగానే ఉంటుంది. వారం పోయాక దుమ్ము పట్టి జిగురవుతుంది, చొక్కా భుజాల మీద మరకలు పడతాయి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు బిగుసుకుపోయిన స్క్రూ ఊడదీయడానికి మంచివే గానీ బట్టలు వేలాడే రాడ్డుకి వద్దు. వాసనా, నూనె మరకా రెండూ వస్తాయి.

చివర్లు వదులైతే, రాడ్డుని పట్టుకునే గిన్నెలాంటి ముక్క చూడండి. స్టార్ స్క్రూడ్రైవర్‌తో దాని స్క్రూలు బిగించండి. స్క్రూ ఊరికే తిరుగుతోందంటే కన్నం పెద్దదైందని అర్థం. స్క్రూ తీసేసి, అగ్గిపుల్లల తలలు విరిచి, ఫెవికాల్‌లో ముంచి, కన్నంలో రెండు మూడు దూర్చి, పైకి మిగిలింది తుంచేయండి. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున స్క్రూ ఎక్కించండి, ప్లైవుడ్ అయితే గట్టిగా పట్టేస్తుంది. పొట్టుతో చేసిన పార్టికల్ బోర్డు అయితే లోపలంతా పొడిపొడి అయి ఉండొచ్చు. అప్పుడు ఆ ముక్కని కాస్త పక్కకి జరిపి కొత్త చోట బిగించడం మేలు, రెండో చివర కూడా అంతే జరపాలి. చెక్క మందం మామూలుగా 18 మిల్లీమీటర్లు. కాబట్టి అంతకన్నా పొడుగు స్క్రూ తెచ్చుకోకండి, అవతలి వైపు మొన బయటికొస్తుంది. స్క్రూలు గట్టిగానే ఉన్నా రాడ్డు గిన్నెలో గిరగిరా తిరుగుతుంటే, కుళాయిలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు రాడ్డు చివర నాలుగు చుట్లు చుట్టి పెట్టండి.

హ్యాంగర్లన్నీ వాటంతటవే మధ్యలోకి జారి గుంపవుతుంటే రాడ్డు వంగిందన్నమాట. మూడడుగుల కన్నా పొడుగైన రాడ్డుకి మధ్యలో ఒక ఊత ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. రాడ్డు గుండ్రమా, కోలా అన్నదీ, దాని మందమూ చూసుకుని వెళ్లండి. లేదా ఫోటో తీసి చూపించండి. అది వచ్చేదాకా జీన్స్, కోట్లు లాంటి బరువులు మధ్యలో కాకుండా చివర్లకి జరపండి. బరువైన జరీ చీరలు అసలు వేలాడదీయొద్దు. జరీ బరువుకి బట్టే సాగుతుంది, రాడ్డూ వంగుతుంది. నూలు గుడ్డలో చుట్టి అరలో పెట్టి, అప్పుడప్పుడూ మడతలు మార్చండి. డ్రై క్లీనింగ్ వాళ్లిచ్చే సన్న తీగ హ్యాంగర్లు రాడ్డుని గీరేస్తాయి, వాటిని వెనక్కి ఇచ్చేయండి.

కాంక్రీటు గోడలో కన్నం పెట్టాల్సి వచ్చినా, దగ్గర్లో స్విచ్‌బోర్డు ఉన్నా, చెక్కలోంచి చెదల పొడి రాలుతున్నా, అద్దాల స్లైడింగ్ తలుపు ఊడదీయాల్సి వచ్చినా మనిషిని పిలవండి. అద్దె ఇల్లయితే కొత్త కన్నాలకి ముందు ఓనరుకి ఒక మాట చెప్పండి. మిగతాదంతా బట్టలు తీసి, మళ్లీ సర్దడంతో కలిపి గంట పని.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ మాట ఎక్కడన్నా రెండు జవాబులు వస్తాయి.

మొదటిది మగవాళ్ల దగ్గర్నుంచీ, కొందరు అత్తయ్యగార్ల దగ్గర్నుంచీ: "అవన్నీ మగవాళ్ల పనులు, నువ్వు చెయ్యి పెడితే పాడుచేస్తావు." ఇది వింటే నాకు నవ్వొస్తుంది. కిరసనాయిలు స్టవ్వుకి వత్తులు మార్చింది ఎవరు? పంపు స్టవ్వు మూసుకుపోతే పిన్ను పెట్టి పొడిచింది ఎవరు? కుట్టుమిషన్ విప్పి నూనె వేసి, బాబిన్ బిగువు సరిచేసి, బెల్టు మార్చుకున్నది ఎవరు? కుక్కర్‌కి గాస్కెట్టూ, సేఫ్టీ వాల్వూ మార్చేది ఎవరు? గ్యాస్ సిలిండర్ దొర్లించుకొచ్చి, లోపల వాషర్ ఉందో లేదో చూసి, రెగ్యులేటర్ బిగించి, లీకవుతోందేమో వాసన చూసేది ఎవరు? నిప్పుతో చెలగాటమాడే పని రోజూ ఈ చేతులకి అప్పజెప్పి, నాలుగు స్క్రూలు బిగించడానికి మాత్రం "నీకు రాదు" అంటారా? ఆడవాళ్లు ఎప్పటినుంచో మెకానిక్కులే. వంటింట్లో చేస్తే దాన్ని ఇంటిపని అన్నారు, హాల్లో చేస్తే రిపేరు అన్నారు, అంతే తేడా.

రెండో జవాబు మన దగ్గర్నుంచే వస్తుంది, ఇది మొదటిదాని కన్నా బరువైనది. "ఉన్న చాకిరీ చాలదా? ఇప్పుడు వడ్రంగం కూడా మనమే నెత్తినేసుకోవాలా?" ఈ కోపం నాకు అర్థమవుతుంది. లెక్కలు కూడా దాని పక్కనే ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, పాల్గొనే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024లో మళ్లీ చేస్తే ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. మన పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపు వాళ్లవీ తొమ్మిది తగ్గాయి. తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఐదేళ్లలో ఒక్క నిమిషం! ఇలాంటప్పుడు ఇంకో పని నేర్చుకోండి అనడం న్యాయమా?

న్యాయమే అంటాను. ఎందుకంటే ఎదురుచూడటం కూడా పనే. "ఏమండీ, ఆ రాడ్డు సంగతి" అని గుర్తుచేయడం పని. "ఆదివారం చూద్దాం" అంటే ఆదివారాలు లెక్కపెట్టుకోవడం పని. మూడోసారి గుర్తుచేస్తే "మొదలెట్టావా సణుగుడు" అనిపించుకోవడం, నోరు మూసుకోవడం మరీ పెద్ద పని. కార్పెంటర్‌కి ఫోన్లు చేసి, వస్తానన్న రోజు బయటికి కదలకుండా కూర్చుని, రాకపోతే మర్నాడు మళ్లీ చేయడం పని. ఇవేవీ మన లెక్కలో మనమే వేసుకోం. గంటలో అయ్యే రిపేరు కోసం ఆరు నెలలు ఈ చాకిరీ చేస్తాం. నేను కొత్త పని నెత్తినేసుకోమనడం లేదు, ఈ పాత చాకిరీ దించుకోమంటున్నాను.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. నేర్చుకోవడం వేరు, ఆ పని శాశ్వతంగా మన పేరున రాసేయడం వేరు. మా ఇంట్లో ఇప్పుడు స్క్రూడ్రైవర్ వంటింటి సొరుగులో ఉంటుంది, అటక మీద కాదు. అది అందరి చేతికీ అందుతుంది. మా అబ్బాయి చేత అగ్గిపుల్లలు విరిపించి ఫెవికాల్ పెట్టించాను. మా అమ్మాయి చేత స్క్రూ బిగించాను. రాడ్డుకి మళ్లీ మైనం రుద్దే వంతు మా ఆయనది. మొదట "ఇదేం తద్దినం" అన్నారు గానీ, రుద్దాక హ్యాంగర్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగుసార్లు జరిపి చూసుకున్నారు. ఇబ్బంది ఎవరికి తెలిస్తే పనిముట్టు వాళ్లకి అందాలి. కప్‌బోర్డు అందరిదీ అయినప్పుడు దాని బాగోగులూ అందరివీ కావాలి.

అందుకే నా సలహా ఇది. ఈ వారం ఒక కాగితం తీసుకుని, మీరు మీ ఇంట్లో ఏ వస్తువులతో సర్దుకుపోతున్నారో రాయండి. రాడ్డు, గడియ, కుళాయి, తలుపు బందు, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన ఇంట్లో వాళ్ల పేర్లు వరసగా రాయండి, మీ పేరూ ఉండనివ్వండి, అన్నిటి పక్కనా కాకుండా. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. గుర్తుచేసే పని ఇక కాగితానిది. అలాగే రేపు కూతురికి సారె పెట్టేటప్పుడు లడ్డూలు, అరిసెలు, స్టీలు సామానుతో పాటు ఒక స్క్రూడ్రైవర్ సెట్టు కూడా పెట్టండి. చుట్టాలు నవ్వితే నవ్వనివ్వండి. కొడుకు ఉద్యోగానికి వేరే ఊరెళ్తుంటే పచ్చడి సీసాల పక్కన అదే సెట్టు ఇంకోటి పెట్టండి, ఒక కొవ్వొత్తితో సహా. రేపు వాడింటికి వచ్చే అమ్మాయి బట్టలు బియ్యం డబ్బా మీద పెట్టుకోవాల్సిన అవసరం రాకూడదు కదా.